పాలపంటి వేరు ఏమైనది?

మంజీరానది బీదరు సీమనుండి తెలుగునేలకు వచ్చి, సింగూరు చెంత మలుపు తిరిగి, నిజాంసాగరము వైపునకు సాగిపోవును. ఆ వంపునకు లోపల, హైదరాబాదునకు వాయవ్యముగా నూరు కిలోమీటర్లకు పైబడిన దూరమున, నారాయణఖేడు కలదు. 1956 వరకు అది బీదరు జిల్లాలోని తాలూకా. ఆ సంవత్సరమున రాష్ట్రముల పునర్విభజన జరిగినపుడు మెదకు జిల్లాలో చేరినది. 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో నున్నది. తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ అచటి అంగళ్ళలో నాలుగును వినవచ్చును. జొన్న, కంది, చెరకు పండు ఆ సీమలో ట్రాక్టర్లు వచ్చిన పిమ్మట కూడ ఎద్దుల బేరము మానలేదు. నలుపు తెలుపు మచ్చల దేవణి ఎడ్లకు ఆ చుట్టుపట్ల మంచి పేరు గలదు.

సంతలో ఎద్దును కొనవచ్చిన రైతు మొదట దాని కొమ్ములను చూడడు, మూపురమును చూడడు. ముక్కుతాడు పట్టి తల పైకెత్తి, బొటనవ్రేలితో క్రింది పెదవిని దించి పండ్లను చూచును. ఎద్దునకు ముందు పండ్లు క్రింది దవడకు మాత్రమే యుండును, అవి ఎనిమిది. దూడనాటి పాలపండ్లు సన్నగా, చిన్నవిగా నుండును. రెండేండ్లు దాటినపుడు నడిమి జత ఊడి, వాని స్థానమున వెడల్పయిన రెండు పండ్లు వచ్చును. అప్పుడది రెండు పండ్ల కోడె. ఆ తరువాత ఒక్కొక్క జత చొప్పున నాలుగు పండ్లది, ఆరు పండ్లది అగును. ఎనిమిదియు నిండుసరికి నాలుగైదేండ్లు గడచును. అమ్మువాడు ఎంత తీయగా మాటలాడినను ఎద్దు నోరు అబద్ధమాడదు. జన్మపత్రిక లేని జీవికి పండ్లే పత్రిక.

అట్టి సంతకు తాతతో వచ్చిన ఆరేండ్ల బాలు నొకని తలంచుకొనుడు. కొన్ని దినములుగా వాని క్రింది ముందుపన్ను ఊగుచున్నది. చెరకు ముక్క కొరికినంతనే అది ఊడి అరచేతిలో పడినది. నెత్తురు రెండు చుక్కలకు మించి రాలేదు. వాడు పంటిని అటునిటు త్రిప్పి చూచెను. పైన తళతళలాడు తెల్లని బిళ్ళ; క్రింద అంచులు చెదరిన చిన్న గుంట; ఆ గుంటలో ఎఱ్ఱని చుక్క. అంతే. నెల దినముల క్రిందట వైద్యుడు తీసివేసిన అవ్వ దవడపన్నును వాడు చూచియుండెను. దానికి రెండు పొడవైన వేళ్ళుండెను.

"తాతా! దీని వేరేది? లోపలనే విరిగి ఉండిపోయినదా?"

"పాలపంటికి వేరుండదురా. అందుకే గదా ఊడినది!"

తాత మాట ఊరందరి మాట. కాని అది సరియైన మాట కాదు. పాలపంటికి వేరు తప్పక యుండును. క్రింది ముందు పాలపంటియందు చిగురుపై కనబడు భాగము సుమారు అయిదు మిల్లీమీటర్లు. ఎముకలో దిగియున్న వేరు సుమారు తొమ్మిది మిల్లీమీటర్లు. అనగా పైకి కనబడుదానికంటె కనబడనిదే పెద్దది. ఆ బాలుని మూడవ యేట ఎక్స్‌రే తీసి చూచియుండినచో ఆ వేరు మొనదాక చక్కగా కనబడియుండును. మూడేండ్లలో తొమ్మిది మిల్లీమీటర్ల గట్టి పదార్థము, ఎవరును లాగక, ఎవరును కోయక, బాలునకు నొప్పియైనను తెలియక, మాయమైపోయినది.

ఈ ప్రశ్న ఆరేండ్ల బాలునకు మాత్రమే కలిగినది కాదు. ప్రాచీనులును దీనిని గూర్చి ఆలోచించిరి. సంస్కృతమున పంటికి ద్విజమని పేరు. రెండు సారులు పుట్టునది ద్విజము. గ్రుడ్డుగా నొకసారి, పిల్లగా నొకసారి పుట్టు పక్షికిని, ఉపనయనముతో రెండవ జన్మమెత్తిన విప్రునకును ఆ పేరే యుండుటచే, అమరకోశము ఈ మూటిని ఒక్కచోటనే చేర్చి చెప్పినది. పిల్లల వైద్యమునకు సంబంధించిన కాశ్యపసంహితలో ముప్పది రెండు పండ్లలో ఎనిమిది మాత్రము ఒక్కసారియే పుట్టుననియు, తక్కినవి ద్విజములనియు నున్నది. నేటి లెక్క వేరు: ఇరువది పాలపండ్లు ఊడి వాని చోట ఇరువది క్రొత్తవి వచ్చును, వెనుకనున్న పండ్రెండును ఒక్కసారియే పుట్టును. అంకె కలియకపోయినను, అన్ని పండ్లును ఒక్క రీతివి కావని అంత ప్రాచీనకాలముననే గుర్తించుట మెచ్చదగినది.

ఐరోపాలో చాలకాలము మరియొక నమ్మకము సాగినది. పాలపన్ను ఊడునపుడు వేరు దవడలోనే మిగిలియుండుననియు, కోసిన చెట్టు మొద్దునుండి చిగురు వచ్చినట్లు ఆ వేరునుండియే రెండవ పన్ను మొలచుననియు అనుకొనిరి. 1543లో మానవశరీర నిర్మాణమును గూర్చి మహాగ్రంథము ప్రకటించిన వెసాలియసు వంటి మేధావియు ఈ అభిప్రాయమునే నిలుపుకొనెను. వేరు లేని పన్ను చేతికి వచ్చినపుడు వేరు లోపలనే యున్నదనుకొనుట సహజమే. ఆ బాలుడును అట్లే యనుకొనెను గదా! ఇటలీకి చెందిన యూస్టాకియో అను వైద్యుడు ఊహతో తృప్తి పడలేదు. మృతి చెందిన శిశువుల దవడలను కోసి చూచెను. పాలపండ్ల చెంతనే, వేరు వేరు గూళ్ళలో, శాశ్వతదంతముల మొలకలు విడిగా నుండుట ఆయనకు కనబడెను. 1563లో పండ్లను గూర్చి ఆయన వ్రాసిన చిన్న పుస్తకముతో పాత నమ్మకము కదలిపోయినది. రెండవ పన్ను మొదటి పంటి బిడ్డ కాదు, దాని పొరుగువాడు.

అయినచో మొదటి పంటి వేరు ఎటు పోయినది? ఇది తెలియవలెనన్న పంటి నిర్మాణమును కొంచెము తెలిసికొనవలెను. పంటిపై కప్పియున్న తెల్లని పింగాణి పొరలో నూటికి తొంబదియారు వంతులు ఖనిజమే. శరీరమంతటిలోను దానికంటె గట్టి పదార్థము లేదు. దాని క్రింద డెంటిను అను ముఖ్యభాగము కలదు. ఇది కొంత మెత్తనిది; నూటికి డెబ్బది వంతులు ఖనిజము, తక్కినది మాంసకృత్తుల దారములును నీరును. ఖనిజమనగా ప్రధానముగా కాల్షియము, భాస్వరము కలిసిన లవణము. డెంటిను నడుమ గదివంటి ఖాళీ యుండును. నెత్తుటి నాళములు, నాడీతంతువులు, సజీవకణములు నిండిన మెత్తని ధాతువు ఆ గదిలో నుండును. దీనిని దంతమజ్జ యందురు. వేరు చుట్టును సన్నని పొర యొకటి కప్పియుండును. ఆ పొరనుండి బయలుదేరిన నారత్రాళ్ళు వేరును దవడ ఎముకకు కట్టివేయును. పన్ను ఎముకలో మేకువలె దిగగొట్టబడినది కాదు, ఉయ్యాలవలె వ్రేలాడగట్టబడినది.

తల్లి గర్భమున నాలుగవ మాసము నాటికే పాలపండ్లలో ఖనిజము చేరుట ఆరంభమగును. శిశువునకు ఆరు మొదలు పది నెలల నడుమ క్రింది ముందుపండ్లు చిగురును చీల్చుకొని వచ్చును. అప్పటికి వేరు సగమైనను పూర్తికాదు. పన్ను పైకి వచ్చిన పిమ్మట ఏడాదికో, ఏడాదిన్నరకో వేరు ముగియును. ఆ పిదప రెండు మూడేండ్లు మాత్రమే అది సంపూర్ణమైన పన్ను. నాలుగైదవ యేట, ఎవరికిని తెలియకుండ, వేరు మొనవద్ద పని మొదలగును.

ఆ పనివాండ్రు కణములు. నెత్తుటిలో తిరుగు ఒకజాతి తెల్లకణములు వేరు చెంతకు చేరి, ఒకదానితో నొకటి కలిసిపోయి, అనేక కేంద్రకములు గల పెద్ద కణములుగా మారును. ఎముకను కరగించు ఇట్టి కణములకు 1873లో కోలికరు అను జర్మనుభాషా శాస్త్రజ్ఞుడు ఆస్టియోక్లాస్టులని పేరు పెట్టెను. పంటిని కరగించు వానిని ఒడోంటోక్లాస్టులందురు. రెండును ఒక్క కుదురువే. ఒక్కొక్క కణము వేరు ఉపరితలమునకు జలగవలె అంటుకొనును. తన అంచును చుట్టును గట్టిగా అదిమి, నడుమ చిన్న మూతపడ్డ చోటును కల్పించుకొనును. ఆ చోటిని ఆనుకొనియున్న దాని పొర ముడుతలు ముడుతలుగా నుండును. ఆ ముడుతలనుండి ఉదజహరికామ్లము స్రవించును. మానవుని జీర్ణకోశములో అన్నమును అరగించు ఆమ్లము కూడ ఇదియే. ఆమ్లము తగిలినంతనే ఖనిజము కరగును. మిగిలిన మాంసకృత్తుల దారములను వేరొక రసము తుంచివేయును. కరగిన కాల్షియమును భాస్వరమును వృథాకావు; కణముగుండ ప్రవహించి తిరిగి నెత్తుటిలో కలియును. ఆ కాల్షియములో కొంత అదే బాలుని మరియొక ఎముకలోనికి పోయి చేరినను ఆశ్చర్యపడ నక్కరలేదు.

భాస్వరము మాట వచ్చినది గావున ఒక తెలుగువానిని తలంచుకొనుట ఉచితము. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాకు పోయి, హార్వర్డులో ఫిస్కె అను ఆచార్యునితో కలిసి, నెత్తురు మొదలగు ద్రవములలో భాస్వరమెంత యున్నదో తూచి చెప్పు రంగుపద్ధతిని 1925లో ప్రకటించెను. ఎముకలలోనికి, పండ్లలోనికి పోవునట్టియు, వానినుండి వచ్చునట్టియు భాస్వరపు లెక్కలు కట్టుటకు ఆ పద్ధతి లోకమంతటను వాడబడినది.

కణము పని ముగించి కదలిపోయిన చోట గిన్నెవంటి గుంట మిగులును. ఊడిన పాలపంటి క్రింది అంచును భూతద్దముతో చూచినచో గరుకుగా, చెదలు తిన్న కొయ్యవలె కనబడుటకు ఈ గుంటలే కారణము. విరిగిన పంటికైనచో అంచు పదునుగా నుండును. బాలుడు తన పంటిని ఈ రీతిగా పరీక్షించియుండినచో వేరు విరుగలేదని వానికే తెలిసియుండును.

కరగుట ఎటునుండి ఆరంభమగును? ముందుపండ్ల క్రింద శాశ్వతదంతము నాలుక వైపునకు ఒదిగి పెరుగును. అందుచేత పాలపంటి వేరు నాలుక వైపుననే, మొన దగ్గర, మొదట తరుగును. కొన్నిసారులు క్రొత్త పన్ను తిన్నగా పాతదాని క్రిందికి రాక, వెనుకనుండియే పైకి వచ్చును. అప్పుడు పిల్లవాని నోట రెండు వరుసల పండ్లు కనబడి తల్లి బెదరును. చాలవరకు పాతపన్ను కొలది కాలములో తానే ఊడును, నాలుక త్రోపుడుచే క్రొత్తది ముందునకు జరుగును. దవడపండ్ల విషయము వేరు. పాల దవడపంటి వేళ్ళు బయటికి విచ్చుకొనియుండును. వాని నడుమ, కోడి రెక్కల క్రింద గ్రుడ్డు వలె, క్రొత్తపంటి మొలక యుండును. కావున అచట వేళ్ళ లోపలి వైపు మొదట కరగును.

ఈ పని నిత్యము సాగదు. కొన్నాళ్ళు జరుగును, కొన్నాళ్ళు ఆగును. ఆగినపుడు శరీరము చేయు పని మరింత విచిత్రమైనది: తరిగిన గుంటలలో సిమెంటువంటి పదార్థమును తిరిగి పూసి, తెగిన నారలను మరల కట్టును. మరల కొన్నాళ్ళకు వచ్చి దానినే కరగించును. ఒక వారము ఊగిన పన్ను మరియొక వారము గట్టిపడినట్లు పిల్లలు చెప్పుట వట్టిమాట కాదు. కాని కట్టినదానికంటె కూల్చినదే ఎక్కువగుటచే తుదకు వేరు తరిగిపోవును.

ఇక లోపలి దంతమజ్జ. వేరు సగము కరగుదాక అది ఇంచుమించు మామూలుగనే యుండును. నెత్తురు పారును, చల్లని నీరు తగిలిన జివ్వుమనును. చివరి దశలో దానిలోపలనే కరగించు కణములు పుట్టును. డెంటినును లోపలినుండి గోడ కట్టుచు వచ్చిన కణములు చెదరిపోవును, వేరునుండి పైకి వరుసగా ఆ గోడ పలుచబడును. నాడీతంతువులును తగ్గిపోవును. ఇంతలో చుట్టునున్న చిగురు చర్మము పంటి క్రిందికి చొచ్చి, రాబోవు గాయమును ముందుగానే కప్పసాగును. పన్ను ఊడినపుడు రెండు చుక్కల నెత్తురుతో సరిపోవుటకు కారణమిదియే. బాలుని అరచేతిలోని పంటి గుంటలో కనబడిన ఎఱ్ఱని చుక్క ఆ మజ్జలో మిగిలిన తుదిభాగము.

ఇదంతయు జరుగుమని ఆజ్ఞ ఇచ్చునదెవరు? క్రొత్తపన్ను క్రిందినుండి త్రోయుటచే వేరు అరిగిపోవునని చాలమంది అనుకొందురు. త్రోపుడునకు కొంత పాలు లేకపోలేదు. కాని అదియే సర్వము కాదు. కొందరి దవడలో పుట్టుకతోనే ఒకటి రెండు శాశ్వతదంతముల మొలకలుండవు. ముఖ్యముగా క్రింది రెండవ అగ్రచర్వణకము లేకుండుట కలదు. త్రోయువాడు లేనిచోట కూడ పాలపంటి వేరు మెల్లమెల్లగా తరుగుచునే యుండును. అయితే ఆ పని మిక్కిలి నెమ్మదిగా సాగుటచే, ముప్పది నలువది యేండ్ల వానికిని ఒక పాలపన్ను నోట నిలిచియుండుట దంతవైద్యులు చూచుచుందురు. పిల్లవాడు పెరిగినకొలది నమలు కండరముల బలము హెచ్చి, చిన్న పంటిపై భారము మిక్కుటమగుటయు వేరు తరుగుటకు తోడ్పడును.

మరి క్రొత్తపంటి పాత్ర యేమి? పెరుగుచున్న పంటిని సంచివంటి పొర యొకటి చుట్టియుండును. అమెరికాలో కెహిల్, మార్క్స్ అను ఇద్దరు పరిశోధకులు కుక్కపిల్లల దవడలలో దీనిని పరీక్షించి 1980లో ఫలితములు ప్రకటించిరి. పంటిని ఉంచి సంచిని తీసివేసినపుడు పన్ను పైకి రాలేదు. పిమ్మట సంచిని ఉంచి, పంటిని తీసి దాని స్థానమున లోహపు నకలును పెట్టి చూచిరి. లోహపు ముక్క పైకి వచ్చినది! పైనున్న ఎముక కరగి దారి యేర్పడినది. దారి చేయించునది పన్ను కాదు, దానిని చుట్టిన సంచి. ఆ పొరలోని కణములు కొన్ని మాంసకృత్తులను సందేశములుగా పంపి, కరగించు కణములను రప్పించునని తరువాతి పరిశోధనలవలన తెలిసినది. కరగింపవలదని చెప్పు ప్రతిసందేశమును కలదు. ఈ రెంటి తూకమునుబట్టి వేరు కరగుటయు ఆగుటయు జరుగును.

బాలునకు ఎనిమిదేండ్ల అక్క యున్నదనుకొనుడు. ఆమె క్రింది రెండవ పాల దవడపన్ను పుచ్చిపోయి, రాత్రులు నొప్పిచే నిద్రపట్టకున్నది. చెరకు పండు సీమలో బెల్లమునకు కొదువ లేదు; నేడు రూపాయి మిఠాయిలకును కొదువ లేదు. తీపి పంటినంటి నిలిచినచో నోటిలోని సూక్ష్మజీవులు దానిని ఆమ్లముగా మార్చును. ఇదియు ఆమ్లమే, కాని శరీరము అదుపులో నుంచుకొని, ఒక్కొక్క చుక్కగా వాడు ఆమ్లము కాదు. పాలపంటి పింగాణి పలుచన, మజ్జగది పెద్దది. రంధ్రము త్వరలోనే మజ్జను చేరును. "పాలపన్నే గదా, నేడో రేపో ఊడిపోవును" అని ఇంటివారు లవంగము పెట్టి ఊరకుందురు. ఆ మాటలోని పొరపాటు లెక్కలో నున్నది. క్రింది ముందుపన్ను ఆరేడేండ్లకు ఊడును గాని, ఈ దవడపన్ను పది పండ్రెండేండ్లదాక ఊడదు. అనగా ఆ బాలిక ఇంకను రెండు మొదలు నాలుగేండ్లు ఆ పంటితోనే నమలవలెను.

ఆమె బాధతోనే అది తీరదు. చీము వేరు నడుమకు దిగినచో అచట పెరుగుచున్న శాశ్వతదంతమునకు హాని కలుగును. అది మచ్చలతోను, సొట్టలతోను పైకి రావచ్చును. చీము తగిలిన పంటియందు వేరు కరగు క్రమము చెడి, ఒక వేరు ముందుగా పోవుటయు మరియొకటి మొండిగా నిలుచుటయు కలదు. పోనీ, పంటిని ముందుగనే పెరికించివేయుద మనినచో వేరొక చిక్కు. వెనుకనున్న పెద్ద దవడపన్ను ఖాళీలోనికి ఒరిగివచ్చును. రావలసిన పన్ను చోటు లేక ఎముకలో చిక్కుపడును, లేదా వంకరగా వచ్చును. పాలపన్ను నమలుటకు మాత్రమే కాదు, తన తరువాతివానికై చోటు పట్టియుంచుటకును ఏర్పడినది. బస్సులో తువాలు వేసి చోటు పట్టు నారాయణఖేడు ప్రయాణికునకు ఈ సంగతి వివరించి చెప్పనక్కరలేదు.

అట్టి పంటిని దంతవైద్యుడు చాలవరకు నిలుపగలడు. చెడిన మజ్జను తీసి వేళ్ళ నాళములను నింపును. పెద్దవారి వేళ్ళలో కరగని పదార్థమును నింపుదురు. పాలపంటి వేళ్ళలో మాత్రము, వేరుతోబాటు తానును కరగిపోవు పదార్థమును నింపవలెను. జింకు ఆక్సైడును లవంగనూనెనుండి వచ్చు యూజెనాలుతో నూరిన ముద్ద దీనికై చిరకాలముగా వాడుకలో నున్నది. అవ్వ పెట్టిన లవంగము వట్టిది కాదు. అది నొప్పిని కొంతసేపు అణచును, పుచ్చును మాత్రము ఆపదు. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమున పాఠశాలలలో, అంగన్‌వాడీలలో పిల్లలను పరీక్షించునపుడు చూడవలసిన వానిలో పుచ్చుపండ్లును చేర్పబడినవి.

ఇంకొక సంగతి తల్లిదండ్రులు చాలమంది గమనింపరు. ఆరవ యేట పాల దవడపండ్ల వెనుక, ఏ పన్నును ఊడకుండనే, పెద్ద దవడపన్ను నాలుగు మూలలను వచ్చును. పాతదేదియు పోలేదు గావున దీనిని కూడ పాలపన్నే యనుకొని ఉపేక్షింతురు. ఒక్కసారియే పుట్టు పండ్లలో మొదటిది ఇదియే. పోయినచో మరి రాదు.

ఎద్దుల సంతలోని విద్యను మనుష్యులపై ప్రయోగించిన కాలమొకటి కలదు. ఇంగ్లండున 1833 నాటి చట్టము తొమ్మిదేండ్లు నిండని పిల్లలను నూలుమిల్లులలో పనికి పెట్టరాదనెను. కాని వయస్సునకు రుజువేది? పేదల పిల్లలకు జన్మపత్రములు లేవు. ఎత్తును కొలిచి వయస్సు చెప్పుచుండిరి. ఎత్తరియైన ఏడేండ్ల పిల్ల మిల్లులో పడుటకు అది చాలును. ఎడ్విను సాండర్సు అను దంతవైద్యుడు వేయిమందికి పైగా పిల్లల నోళ్ళను పరీక్షించి, ఎత్తుకంటె పండ్లే నిజము చెప్పునని 1837లో చూపెను. ఏ పాలపన్ను ఊడినది, ఏ క్రొత్తపన్ను వచ్చినదని చూచి పిల్లల వయస్సు నిర్ణయించుట అప్పటినుండి శాస్త్రమార్గమైనది.

పన్ను వయస్సునే కాదు, గడచినదానిని కూడ దాచియుంచును. పింగాణి ఒకసారి ఏర్పడిన పిమ్మట మారదు. పుట్టిన దినమున శిశువు పడిన ఒత్తిడి ఆ పొరలో సన్నని గీతగా నిలిచియుండును. సుబ్బారావు నాయకత్వమున 1945లో డగ్గరు కనుగొనిన ఆరియోమైసిను కుటుంబపు మందులు ఎందరి ప్రాణములనో కాచినవి. పండ్లు ఏర్పడు వయస్సులో వానిని మింగిన పిల్లల పండ్లపై మాత్రము పసుపు, గోధుమరంగు చారలు నిలిచిపోయినవి. అందుచేత ఎనిమిదేండ్లలోపు పిల్లలకు ఆ మందులను సాధారణముగా ఇయ్యరు.

పాలపండ్లు చరిత్రలో ఒక పెద్ద సాక్ష్యమును కూడ చెప్పినవి. అగ్రరాజ్యములు ఆకాశమున అణుబాంబులను పరీక్షించుచుండిన దినములలో స్ట్రాన్షియము 90 అను విషధూళి వానతో గడ్డిపై పడి, ఆవుపాలలో చేరి, పిల్లల దేహమున ప్రవేశించినది. కాల్షియమును పోలియుండుటచే అది ఎముకలలో, పండ్లలో కుదురుకొనును. ఎముకను తీసి చూపుమని ఏ తల్లినడుగగలరు? పాలపన్నైనచో తానే ఊడివచ్చును. అమెరికాలోని సెయింట్ లూయీ నగరమున 1958లో ఆరంభించి 1970 వరకు సుమారు మూడు లక్షల ఇరువదివేల పాలపండ్లను పోగుచేసిరి. పన్ను పంపిన పిల్లలకు చొక్కాపై పెట్టుకొనుటకు చిన్న బిళ్ళ నిచ్చిరి. 1950లో పుట్టినవారి పండ్లకంటె 1963లో పుట్టినవారి పండ్లలో ఆ విషము సుమారు ఏబది రెట్లుండెను. గాలిలో అణుపరీక్షలు మానుటకు 1963 ఆగస్టులో మాస్కోలో ఒడంబడిక జరిగినపుడు, ఈ పండ్లు చెప్పిన సాక్ష్యమును ప్రభుత్వముల చెవిని పడియుండెను.

ఎఱ్ఱని చుక్కయని తోసివేయబడిన దంతమజ్జకు సైతము 2003లో గౌరవము వచ్చినది. అమెరికా జాతీయ ఆరోగ్యసంస్థలలో పనిచేయుచుండిన సోంగ్‌తావ్ షీ అను శాస్త్రజ్ఞుడు తన ఆరేండ్ల కుమార్తె ఊడిన పంటిలో ఎఱ్ఱని ధాతువును చూచి ప్రయోగశాలకు తీసికొనిపోయెను. అందులో ఇంకను బ్రతికియున్న మూలకణములు కనబడినవి; తగిన పోషణతో అవి విభజన చెంది, అనేక రీతుల కణములుగా మారగలవని ఆయన బృందము ప్రకటించినది.

నారాయణఖేడు బాలుని పన్ను ప్రయోగశాలకు పోలేదు. అవ్వ దానిని పేడముద్దలో పెట్టి ఇచ్చెను. వాడు దానిని ఇంటి మిద్దెపైకి విసరెను. మూడు వారములలో చిగురునందు తెల్లని అంచు కనబడినది. క్రొత్తగా వచ్చిన ముందుపంటి అంచు రంపమువలె మూడు చిన్న మొనలతో నుండును. నమలగా నమలగా అవి అరిగి సమమగును. మరికొన్నాళ్ళకు దాని ప్రక్కదియు ఊడి, అచటను అట్టి అంచే వచ్చినది. తాత వానిని వెలుతురునకు త్రిప్పి, గడ్డము పట్టి, అలవాటు చొప్పున బొటనవ్రేలితో క్రింది పెదవిని దించి చూచెను.

"రెండు పండ్లు వేసినాడు" అనెను.